మడత చాకు - పిడికి పెట్టు సొమ్ము



కూరలు తరుగుటకు మనకు కత్తిపీట యున్నది గదా, మడత చాకు గొడవ మనకేల యని మీలో కొందఱు అనుకొనవచ్చును. కాని తోటకు పోవునప్పుడు రొండిని దోపుకొనుటకును, శివరాత్రికి శ్రీశైలము పోవునప్పుడు దారిబత్తెపు మూటలో నుంచుకొనుటకును, రైలులో పిల్లలకు బత్తాయిపండు కోసి పెట్టుటకును కత్తిపీట పనికిరాదు. అలుగు పిడిలోనికి మడుచుకొని, మూటలోని బట్టలను గాని బిడ్డల చేతులను గాని కోయకుండ నుండు చిన్న చాకే అక్కఱకు వచ్చును. అట్టి చాకులు ఇప్పుడు వందల రూపాయలకును దొరకుచున్నవి, వేల రూపాయలకును దొరకుచున్నవి. ఈ వ్యత్యాసములో పెద్దపాలు పలుమాఱు అలుగునకు గాక పిడికే పోవుచున్నది. ఆ సొమ్ము తగునా, తగదా యను విచారము మా యింట ఒక చిన్న ప్రమాదమువలన పుట్టినది. అది మీకును ఉపయోగపడునని వ్రాయుచున్నాను.

మాది మార్కాపురమునకు చేరువనున్న పెద్దారవీడు. మా యింట రెండు మడత చాకులు గలవు. ఒకటి మా అత్తగారిది. ఊరి కమ్మరి సాగగొట్టిన అలుగు, తుమ్మకఱ్ఱ పిడి. నలుబదియేండ్ల వాడుకచే పిడి నల్లబడి, ఆమె బొటనవ్రేలు ఆనుచోట చిన్న గుంట పడినది. రెండవది మా మఱది కుమారుడు విదేశమునుండి తెచ్చి నాకు బహూకరించినది. దాని పిడి టైటానియమను లోహముతో చేసినది. అద్దమువలె నునుపు, తళతళ. పెట్టె తెఱచిననాడు ఇంటిల్లిపాదియు మూగి చూచిరి. "పెద్దమ్మా, దీని వెలలో సగము పిడిదే" అని అబ్బాయి చెప్పెను. ఆ మాట నాకప్పుడు గొప్పగానే తోచినది.

వేసవిలో ఆవకాయ పెట్టితిమి. కాయలు కొట్టుట మగవారి పని; ముక్కల లోపలి జీడియు పొరయు తీయుట మా పని. కోడలు ముచ్చటపడి కొత్త చాకు పట్టుకొని కూర్చున్నది. చేయి మామిడిసొనతో జిగటయై, పిమ్మట తడియై, ఆపై నూనె తగిలి జాఱుచున్నది. ఒక ముక్కను గట్టిగా నొక్కబోవగా పిడి గుప్పిటిలో తిరిగి, అలుగు ఎడమచేతి చూపుడువ్రేలిపై పడినది. ఆసుపత్రిలో నాలుగు కుట్లు వేసిరి. పదునైదు దినములు ఆ పిల్ల చేత అన్నము కలుపుకొనలేకపోయినది. మా అత్తగారు ఎవరిని ఏమియు అనలేదు. తన పాత చాకు తెచ్చి మా ముందుంచి, లోనికి పోయిరి.

నాటినుండి నాకు ఒకటే ప్రశ్న. అంత వెల గల పిడి చేయవలసిన పని చేయలేదేమి? తుమ్మకఱ్ఱ పిడి నలుబదియేండ్లు ఎట్లు చేసినది?

పిడి చేయవలసిన పని

చాకులో కోయునది అలుగు. ఈ సంగతి మన తెలుగువారు లోకమునకు చెప్పదగినవారు. తెలంగాణములోని కోనసముద్రమున కరగించిన ఉక్కునకై పారశీక వర్తకులు వచ్చుచుండిరని 19వ శతాబ్దమున ఆ ప్రాంతము చూచిన ఆంగ్లేయులు వ్రాసియున్నారు. వారు అంతదూరము వచ్చినది ఉక్కు ముద్దలకే గాని నగిషీ పిడులకు గాదు. ఉక్కు మంచిదై, దానిని కాచి చల్లార్చు విధము తెలిసి చేసినచో వాదర నిలుచును. అది లేనిచో బంగారుపిడి వేసినను టమాటపండు తోలు తెగదు.

మా మార్కాపురపు పలకల నెఱుగని తల్లి తెలుగుదేశమున అరుదు. అక్షరము దిద్దునది ఱాతిమీద; చుట్టునున్న చట్రము ఱాతిని పగులకుండ కాచి, బిడ్డ చేతికి గీఱుకొనకుండ చేయును. చట్రము కఱ్ఱదైనను, తరువాత వచ్చిన ప్లాస్టిక్‌దైనను అక్షరము మాఱలేదు. అట్లని చట్రము అక్కఱలేదనరాదు. చట్రము ఊడిన పలక ఎన్నిదినములుండును? చాకునకు పిడియు అట్టిదే. అది కోయదు, కాని కోయుదానిని మన చేతికి లోబఱచును.

కావున పిడి చేయవలసిన పనులు నాలుగని నాకు తోచుచున్నది. తడిచేతిలోను నూనెచేతిలోను జాఱకుండుట మొదటిది. ఎక్కువసేపు పట్టినను అరచేయి నొవ్వకుండుట రెండవది. నీటికిని ఎండకును ఉబ్బక, పగులక నిలుచుట మూడవది. అలుగును లోపల భద్రముగా దాచి, తెఱచినప్పుడు కదలకుండ పట్టియుంచుట నాలుగవది. ఈ నాలుగింటికై యిచ్చిన రూపాయి వృథా కాదు. వీనిని మించి యిచ్చినది నగకిచ్చినట్లే. నగ కొనరాదని నేననను. అది నగయని తెలిసి కొనవలెను.

కఱ్ఱ పిడులు

మనకు అన్నిటికంటె పాతచుట్టము కఱ్ఱ. అది చేతికి చల్లగాను వేడిగాను తోచదు. కొంచెము తడిని పీల్చుకొనుటచే జాఱదు. మా వైపు తుమ్మకఱ్ఱయు, నల్లమలలో చిరుమానును పనిముట్ల పిడులకు పేరుపొందినవి. చిరుమాను సాగుడు గలది, దెబ్బకు విఱుగదు. అందుచేతనే బండి యిరుసులకును గొడ్డలికాములకును దానిని వాడుచుండిరి. కొండపల్లి బొమ్మలకు వాడు తెల్లపొణికి, ఏటికొప్పాక బొమ్మలకు వాడు అంకుడుకఱ్ఱ మెత్తనివి. బొమ్మకు అవి ఎంత మేలో గట్టిపనికి వచ్చు పిడికి అంత చాలనివి. కఱ్ఱలో మంచి చెడ్డలు వెలనుబట్టి గాక పనినిబట్టి యుండునని దీనివలన తెలియును.

కఱ్ఱకు దోషము లేకపోలేదు. మా వైపు వానలు తక్కువ, ఎండలు మెండు. చైత్రము మొదలు కఱ్ఱ ఎండి సన్నగిలి, పొన్ను వదులై, పిడి కదలును. వానకాలమున అదే కఱ్ఱ ఉబ్బును. సాదా చాకునకు ఇది చిన్న బాధ. మడత చాకునకు పెద్ద బాధ. పిడి చీలికలో అలుగు బిగుసుకొని గోటికి రాదు.

అయినను కఱ్ఱపిడితోనే లోకప్రసిద్ధి కెక్కిన మడత చాకు ఒకటి గలదు. ఫ్రాన్సు దేశమున సవోయ్ అను కొండసీమలో జోసెఫ్ ఒపినెల్ అనువాడు 1890లో చిన్న చాకు నొకటి చేసెను. దాని పిడి ఆ దేశపు బీచ్ అను సామాన్యమైన కఱ్ఱ. 1955లో దానికి ఒక ఇనుపకట్టు చేర్చిరి. ఆ కట్టు త్రిప్పినచో తెఱచిన అలుగు వ్రేళ్లమీద మూసికొనదు. నేటికిని అది రైతులు కొనగల చాకే. దానికి చేర్చిన మేలు పిడి సొగసులో గాక కట్టులో నున్నదని గమనింపుడు. స్విట్జర్లండు సైనికులకు 1891లో కార్ల్ ఎల్సెనర్ అందించిన మడత చాకులకును కఱ్ఱపిడులే. 1961లో ఆ సైనికుల చాకునకు గరుకుచాళ్లు గల అల్యూమినియపు పిడి వచ్చినది. లోహమైనను జాఱకుండ చాళ్లు వేసిరి. మా యింటి టైటానియపు పిడికి లేనిది అదియే.

కొమ్ము, దంతము, ఎఱ్ఱచందనము

పూర్వము సంపన్నుల చాకులకు ఏనుగుదంతమును దుప్పికొమ్మును వేయుచుండిరి. గేదెకొమ్ము పిడులు నేటికిని గలవు. దుప్పికొమ్ము గరుకుగానుండి చేతికి పట్టునిచ్చుట నిజమే. కాని అడవిజంతువుల అవయవముల సంగతి వేఱు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. 1986లో మన ఏనుగుల దంతవ్యాపారమును, 1991లో ఆఫ్రికానుండి వచ్చు దంతపు వ్యాపారమును మన ప్రభుత్వము నిషేధించినది. జింక, దుప్పి కొమ్ముల వ్యాపారమును కూడదు. పాతయింటి పెట్టెలో తాతలనాటి దంతపుపిడి చాకు దొరకినచో దానిని అమ్మజూపకుడు. అడవిశాఖవారి నడిగి నడచుకొనుడు.

ఎఱ్ఱచందనపు సంగతి మాకు ఇంకను దగ్గఱిది. లోకములో ఆ చెట్టు సహజముగా పెరుగునది మన తూర్పుకనుమల దక్షిణభాగమునందే. గిద్దలూరు అడవులును అందులో చేరినవి. 1995లో అంతర్జాతీయ ఒడంబడిక దాని వ్యాపారమునకు హద్దులు పెట్టినది. అయినను దొంగనఱకుడు ఆగలేదు. కూలికాసపడి కొండనెక్కి చెఱసాల పాలైనవారును, ప్రాణములు గోల్పోయినవారును గలరు. వారి వెనుక ఇండ్లలో భార్యాబిడ్డలు గలరు. చాకుపిడికి నాలుగు అంగుళముల చెక్కయే గదా యనుకొనవచ్చును. ఆ చెక్క ఏ చెట్టునుండి, ఏ అనుమతితో వచ్చినదో చెప్పలేని వర్తకునివద్ద కొనుట మనకు తగదు. నీటికి, నూనెచేతికి అది తుమ్మకఱ్ఱకంటె చేయు మేలు ఇంటిపనిలో కనబడదు. ఎఱ్ఱని రంగునకై అంత పాపము మూట కట్టుకొననేల?

కొత్త పదార్థములు

దంతమునకు బదులు వెదకుచు 1870 ప్రాంతమున అమెరికాలో జాన్ హయట్ అనువాడు సెల్యులాయిడ్ అను పదార్థమును పనికి తెచ్చెను. చూచుటకు దంతమువలె నుండుటచే చాకుపిడులకు విరివిగా వాడిరి. కాని అది నిప్పుకు తటాలున అంటుకొనును. పాతబడినకొలది విడుచు ఆవిరి ఆమ్లమై అలుగునే త్రుప్పు పట్టించును. పిడియే అలుగును చెఱచుట! అందమునకై తెచ్చినది పనికి శత్రువగుట కింతకంటె నిదర్శనమేమి?

తరువాత గుడ్డపొరలనో కాగితపుపొరలనో జిగురుతో తడిపి, వేడితో నొక్కి చేయు మికార్టా అను దిమ్మ వచ్చినది. 1910 ప్రాంతమున విద్యుత్ యంత్రముల పనికై పుట్టినది పిమ్మట పిడులకు దిగినది. జీ-10 అను మఱియొకటి గాజునారను ఎపాక్సీ జిగురుతో బిగించి చేయునది. ఇవి వానకు ఉబ్బవు, ఎండకు వీగవు. పైని గరుకుగా విడిచినచో తడిచేతిలో బాగుగా నిలుచును. కఱ్ఱకున్న దోషమును ఇవి నిజముగా తీర్చుచున్నవి గనుక వీనికి కొంత ఎక్కువ యిచ్చుట తగును. గాజునార కలిపిన నైలానుపిడి ఇంకను చవుక. చూపునకు బీదగానుండును, కాని గరుకు అచ్చు వేసినదైనచో ఇంటిపనికి ఏమియు తక్కువ గాదు.

ఇక టైటానియము. దాని బరువు అంతే పరిమాణము గల ఉక్కు బరువులో ఇంచుమించు అయిదింట మూడువంతులు. త్రుప్పు పట్టదు. కార్బను నార దానికంటెను తేలిక. కొండలెక్కువారికి, దినమంతయు జేబులో మోయువారికి ఆ తేలికదనము విలువ గలదే. మామిడిముక్క జీడి తీయు మనకు నాలుగు తులముల బరువు తగ్గినందున కలుగు లాభమేమి?

వెల గల పిడులన్నియు వ్యర్థమని నేను చెప్పుచున్నానని తలపకుడు. దోర్నాలలో మా అక్కయ్యకు కీళ్లవాతము. వ్రేళ్లు ముడుచుకొనవు. సన్నని కఱ్ఱపిడిని ఆమె బిగించి పట్టలేదు. అలుగును గోటితో లాగి తెఱవలేదు. ఆమె కుమారుడు జీ-10 పిడి గల చాకు తెచ్చియిచ్చెను. పిడి లావుగా, గరుకుగానున్నది. అలుగు ప్రక్కనున్న చిన్న బొడిపెను బొటనవ్రేలితో త్రోసిన చాలును, తెఱచుకొనును. మూడేండ్లుగా పండ్లు కోసికొనుటకు నిమ్మకాయ కోసికొనుటకు ఆమె ఎవరినీ పిలువలేదు. "చెల్లీ, ఇంకొకరి చేయి చూడకుండ బ్రదుకుట యెంత సుఖమో నీకిప్పుడు తెలియదు" అని ఆమె నాతో అన్నది. ఆ పిడికి పెట్టిన ప్రతి రూపాయియు సార్థకమే. అయితే ఆమెకు మేలు చేసినది ఆ పదార్థపు పేరు గాదు. లావు, గరుకు, సులువు.

కొనునప్పుడు చూడవలసినవి

మొదట అలుగు చూడుడు. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డున హ్యారీ బ్రియర్లీ త్రుప్పు పట్టని ఉక్కును కనిపెట్టినది మొదలు పులుపు కోయుటకు మనకు మేలు కలిగినది. కమ్మరి చేసిన మామూలు ఉక్కు మామిడికి నల్లబడును. కాని సానఱాతిమీద త్వరగా పదునెక్కును. పండ్లకు, పులుపునకు త్రుప్పు పట్టనిదే మంచిది.

రెండవది తాళము. అలుగు తెఱచి, వెన్నువైపునుండి మెల్లగా నొక్కుడు. మూసికొనుటకు వచ్చినచో, లేదా ప్రక్కలకు ఊగినచో పిడి ఎంత ఘనమైనను తిరిగి యిచ్చివేయుడు.

మూడవది పట్టు. దుకాణమున పొడిచేత పట్టి చూచిన లాభము లేదు. సెలవడిగి, చేయి తడిపికొని పట్టి చూడుడు. ముందుకు త్రోసినప్పుడు వ్రేళ్లు అలుగుమీదికి జాఱకుండ పిడి మొదట చిన్న గట్టు ఉండవలెను. గట్టిగా పిడికిలి బిగించినప్పుడు ఏ అంచును గ్రుచ్చుకొనరాదు. తెఱచుట ఎవరు వాడుదురో వారిచేతనే చేయించి చూడవలెను. మగవాని గోటికి వచ్చినది ముసలమ్మ గోటికి రాకపోవచ్చును.

ఈ మూడును చూచినపిమ్మటనే పిడి దేనితో చేసినదని అడుగవలెను.

ఇంట కాపాడుకొను విధము

మడత చాకు పిడి చీలికలో పండ్లరసము, కూరతునకలు చేరి కుళ్లును. పని కాగానే తెఱచి కడిగి, లోపల గుడ్డపేలికతో తుడిచి, ఆఱినపిమ్మట మడువవలెను. నీటిలో నానవేయరాదు. మాంసము కోయుటకు మడత చాకు వాడకుండుటయే మేలు. ఆ చీలిక అంతయు శుభ్రపఱచుట కష్టము. కఱ్ఱపిడికి ఏటికి రెండుమాఱులు అవిసెగింజల నూనె పలుచగా రాచి, మిగిలినది తుడిచి, నీడను ఆఱబెట్టుడు. ఆ నూనె ఆఱి గట్టిపడి కఱ్ఱను కాచును. కొబ్బరినూనె అట్లు ఆఱదు, జిడ్డుగా మిగిలి చెడువాసన పట్టును. నూనె పట్టిన గుడ్డను ముద్దచేసి పడవేయక విప్పి ఆఱవేయుడు. ముద్దగానున్నచో దానంతట అదియే వేడెక్కి మండవచ్చును. అలుగు తిరుగు మేకునకు కుట్టుమిషను నూనె ఒక చుక్క చాలును. విమానమెక్కువారు చాకును చేతిసంచిలో నుంచరాదు. అడుగున వేయు పెట్టెలో సర్దవలెను.

మా యింటి కొత్త చాకు ఏమైనదని మీరడుగుదురు. పాఱవేయలేదు. అలుగు మంచిది; దానియందు దోషము లేదు. మా వడ్రంగిచేత పిడి రెండుప్రక్కల గరుకు కాగితముతో అడ్డముగా రుద్దించితిని. అద్దపు మెఱుగు పోయినది. ఇప్పుడు తడిచేతను తిరుగుట లేదు. ఆ పనికి వడ్రంగి కూలియే పుచ్చుకొనలేదు.

సంక్రాంతికి వచ్చిన అబ్బాయి దానిని చూచి, "అయ్యో పెద్దమ్మా, వెల యంతయు పోయినదే!" అని నొచ్చుకొనెను. కోడలు వ్రేలిమీది మచ్చ చూపితిని. వాడు చాలసేపు మాటాడలేదు. పిమ్మట, "చిన్న వదినెకు ఏమి తెమ్మందువు?" అని అడిగెను. "నాయనా, ఆ పిల్లచేయి చిన్నది. ఆమె చేతికి సరిపోవు గరుకుపిడి గలది, గట్టి తాళము గలది తెమ్ము. పిడి ఏ లోహమో, ఏ చెట్టో నాకు చెప్పనక్కఱలేదు" అంటిని.

సోదరీమణులారా! ఇంటివస్తువులు కొనునప్పుడు చూచువారి కన్ను వేఱు, వాడువారి చేయి వేఱు. వెల కట్టునది పలుమాఱు కన్ను; నొప్పి పడునది చేయి. కావున చాకు కొనునాడు వంటింట దానిని పట్టవలసిన ఆమెను వెంట దీసికొని పోవుడు. ఆమె తడిచేత నిలిచిన పిడియే మంచి పిడి. దానికి మీకు కలిగినంత యిండు.